మాట అందించే మనిషి

నాటకాలు ఆడినవాళ్లకి ప్రాంప్టర్ అంటే ఎవరో చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. వేదిక పక్కన, వింగ్ చాటున ఒక స్టూలు వేసుకుని, స్క్రిప్టు ఒళ్లో పెట్టుకుని ఒక మనిషి కూర్చుంటాడు. నటుడు తన మాట మరిచిపోతే మొదటి రెండు ముక్కలు అందిస్తాడు. ప్రేక్షకులకి ఆ మనిషి కనపడడు, వినపడకూడదు కూడా. చప్పట్లలో అతనికి వాటా లేదు. అయినా వేదిక మీద నిలబడ్డవాళ్లకి ఆ పక్కన మనవాడు ఒకడున్నాడన్న ధైర్యం ఉంటుంది.

ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో నాటకాలు వేసే పిల్లల మనసు గురించి. ఆ మాట ప్రాంప్టర్ స్టూలు దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఉంది. డిగ్రీ రెండో సంవత్సరంలో నేను ఆ స్టూలు మీద కూర్చున్నాను.

అంతర్ కళాశాలల నాటిక పోటీలు. ఆ రాత్రి మాది నాలుగో నాటిక. ఎడమ వింగ్‌లో నేను, నా చేతిలో టార్చిలైటు. వెలుతురు బయటికి పడకుండా దాని మూతికి చేతిరుమాలు కట్టుకున్నాను. ప్రధాన పాత్ర మా సీనియర్ అక్కది. తండ్రి పోయిన ఇంట్లో పెద్దకూతురు. రెండో రంగంలో తండ్రి కళ్లజోడు చేతిలోకి తీసుకుని ఆమె ఒక మాట అనాలి. కళ్లజోడు తీసుకుంది. మాట రాలేదు. నేను అందించాను. నా వైపు చూసింది, మాట మాత్రం రాలేదు. మళ్లీ అందించాను, ఈసారి కాస్త గట్టిగా. మూడోసారి అందించేసరికి ముందువరస వాళ్లకి కూడా వినపడింది. ఆమె మెడ మీద చెమట లైటుకి మెరుస్తోంది. కళ్లజోడు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. తమ్ముడి వేషం వేసిన అబ్బాయి సమయానికి ముందుకొచ్చి, "అక్కా, లోపలికి పద" అంటూ భుజం పట్టుకుని ఆమెను వింగ్‌లోకి తీసుకొచ్చేశాడు. మిగతా నాటిక ఎలాగో నెట్టుకొచ్చాం.

గ్రీన్‌రూములో అందరిదీ ఒకటే ప్రశ్న. "నెల రోజులు చేశాం కదా, అంత చిన్న డైలాగు ఎలా మరిచిపోయావు?" నేనూ అదే అడిగాను.

ఆమె తండ్రి పోయి అప్పటికి ఎనిమిది నెలలు. రిహార్సల్లో ఏడుపు సరిగ్గా పలకడం లేదని, మా చేత నాటిక చేయిస్తున్నాయన రోజూ ఒక మాట అనేవాడు: "మీ నాన్న పోయిన రోజు గుర్తు తెచ్చుకో." ఆమె రోజూ గుర్తు తెచ్చుకుంది. రోజూ ఏడ్చింది. ఏడుపు ఎంత సహజంగా వచ్చిందో అని మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ రాత్రి ఆమె గొంతు పెగలకపోతే, డైలాగు మరిచిపోయిందని అనుకున్నాం.

మాకు బహుమతి రాలేదు. నెల రోజుల పాటు క్యాంటీన్లో ఆ నాలుగు నిమిషాల గురించే మాటలు. ఆమె మళ్లీ రిహార్సల్ గది గుమ్మం తొక్కలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఒక పెళ్లిలో కలిసింది. భోజనాల దగ్గర పక్కపక్కనే కూర్చున్నాం. మాటల మధ్య ఆ రాత్రి సంగతి ఆమే ఎత్తింది. "నువ్వు మూడుసార్లూ అందించావే, మూడుసార్లూ వినపడింది. ఆ మాట నాకు వచ్చు. ఆ క్షణాన నాకు గుక్కెడు మంచినీళ్లు కావాలనిపించింది. ఎవరైనా వచ్చి చెయ్యి పట్టుకుంటే బాగుండుననిపించింది" అంది. అని, విస్తట్లో పెరుగన్నం కలుపుకుంది.

ఇప్పుడు నేను ఒక కళాశాలలో పిల్లల చేత నాటకాలు వేయిస్తున్నాను. ప్రతి ఏడాదీ కొత్త పిల్లలు వస్తారు. ప్రతి ఏడాదీ ఆమె అన్న ఆ మాట గుర్తొస్తుంది.

నాటకం పిల్లలకి చేటు చేస్తుందని చెప్పడానికి నేను రాలేదు. నాటకం వల్ల బాగుపడినవాళ్లని నేను కళ్లారా చూశాను. అసలు ఆధునిక తెలుగు నాటకం వేదిక ఎక్కిందే విద్యార్థుల కాళ్ల మీద. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారు, వకీళ్ల అక్రమాలను ఎండగడుతూ తాను రాసిన ‘వ్యవహార ధర్మబోధిని’ని తన విద్యార్థుల చేత వేయించారు. ఆయన పుట్టినరోజైన ఏప్రిల్ 16ను మనం తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. తర్వాతి కాలంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కూర్మా వేణుగోపాలస్వామి గారు ఎక్స్‌పెరిమెంటల్ థియేటర్‌ను నడిపి, కళాశాలల మధ్య నాటక పోటీలకు ఊపిరి పోశారు. ఇవాళ ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాదు విశ్వవిద్యాలయంలోనూ, తెలుగు విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కళలను చదువుగా చెబుతున్నారు. ఇవి కాక, మామూలు డిగ్రీ కాలేజీల్లో, ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏడాదికోసారి యువజనోత్సవాల కోసం జట్టు కట్టే పిల్లలు ఎందరో.

ఆ పిల్లల్లో ఒకణ్ణి తలుచుకోండి. పల్లెటూరి నుంచి వచ్చాడు, తెలుగు మాధ్యమంలో చదివాడు, ఇంగ్లీషులో మాట్లాడాలంటే బెరుకు. మొదటి సెమిస్టరంతా ఆఖరి బెంచీలో కూర్చుని ఎవరితోనూ మాట కలపలేదు. ఎవరో రమ్మంటే రిహార్సల్ గదికి వచ్చాడు. తన యాసలోనే మాట్లాడమన్నారు. అతను నోరు విప్పేసరికి గది నవ్వింది, ఆ నవ్వులో వెక్కిరింత లేదు. ఆ సాయంత్రం అతనికి కాలేజీలో కాలు పెట్టుకోవడానికి ఇంత చోటు దొరికింది. ఇంట్లో చెప్పుకోలేని కోపం ఇంకొకడి పేరుతో చెప్పగలిగాడు. ఎనిమిది మంది ఒకే టీ ఫ్లాస్కు చుట్టూ కూర్చుని, ఒకరి మాట ఒకరు వింటూ, ఒకరి తప్పును ఒకరు కాచుకుంటూ గడిపే ఆ నెల రోజులు ఎంతోమందికి కాలేజీ జీవితంలో కల్లా మంచి రోజులు.

అందుకే ఆ గదిని జాగ్రత్తగా కాపాడుకోవాలంటున్నాను. పిల్లలు తమ మనసుని అంతగా తెరిచి పెట్టే చోటు కాలేజీలో ఇంకొకటి లేదు. తెరిచిన మనసుకి దెబ్బ కూడా తొందరగా తగులుతుంది.

పైగా ఆ వయసు ఎలాంటిదో చూడండి. 2005లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద సర్వే ప్రకారం, జీవితకాలంలో మానసిక సమస్యలు ఎదుర్కొనేవాళ్లలో సగం మందికి అవి 14 ఏళ్లలోపే, నాలుగింట మూడు వంతుల మందికి 24 ఏళ్లలోపే మొదలవుతాయి. అంటే మన రిహార్సల్ గదిలో ఉన్న పిల్లలంతా సరిగ్గా ఆ వయసులో ఉన్నారు. ఆ సమస్యలను నాటకం తెచ్చిపెట్టిందని దీనర్థం కాదు. అవి మొదలయ్యే వేళకి పిల్లవాడు అమ్మానాన్నల దగ్గర లేడు, మన దగ్గర ఉన్నాడు. మొదట గమనించగలిగేది మనమే.

మరి మనం ఏం గమనిస్తున్నాం? మొదట నిద్ర సంగతి. క్లాసులు నాలుగింటికి అయిపోతాయి. అయిదింటికి రిహార్సల్ మొదలై పదకొండు దాకా నడుస్తుంది. అప్పటికి హాస్టల్ మెస్ మూసేస్తారు. రెండు బిస్కెట్లు, ఒక టీతో రాత్రి గడుస్తుంది. పొద్దున్నే ఇంటర్నల్ పరీక్ష. పోటీలకి వారం ముందయితే తెల్లవారే దాకా గదిలోనే. దీన్ని మనం అంకితభావం అంటున్నాం. వరసగా వారం రోజులు సరిగా నిద్ర లేని పిల్లవాడికి చిన్న మాటకే ఏడుపొస్తుంది, చిన్న తప్పుకే ప్రపంచం కూలిపోయినట్టుంటుంది. అతనికి ముందు కావలసింది నిద్ర. ఆ తర్వాతే పాత్ర గురించి ఏం చెప్పినా తలకెక్కుతుంది.

రెండోది పాత్రల పంపకం. నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తారు. పేరు లేనివాళ్లు గుంపు వెనకనుంచి చూసి వెళ్లిపోతారు. పేరు ఉన్నవాళ్లకి ఒక్కోసారి పేరుతో పాటు ఒక మాట కూడా తగులుతుంది. "రంగు తక్కువ కదా, పనిమనిషి పాత్రకి సరిపోతావు." "లావుగా ఉన్నావు, కామెడీకి బాగుంటావు." "గొంతు ఆడపిల్లలా ఉందిరా, మగపాత్రకి పనికిరాదు." ఇవి అన్నవాళ్లకి మర్నాటికి గుర్తుండవు. విన్నవాళ్లకి ఇరవై ఏళ్లయినా గుర్తుంటాయి. పాత్రకి ఎవరు సరిపోతారో తేల్చడం దర్శకుడి పని. కానీ "ఈ పాత్రకి నాకు కావలసింది ఇది" అని చెప్పడానికీ, "నీలో లోపం ఇది" అని చెప్పడానికీ చాలా తేడా ఉంది. ఎంపిక కాని ప్రతి పిల్లనీ విడిగా పిలిచి రెండు నిమిషాలు మాట్లాడటం దర్శకుడికి పెద్ద భారం కాదు.

మూడోది తిట్టు. మన నాటకరంగంలో తిట్టి నేర్పడం ఒక ఆచారంలా సాగుతోంది. "మా గురువుగారు నన్ను చెప్పు విసిరి కొట్టారు, అందుకే ఇంతవాణ్ణయ్యాను" అని గర్వంగా చెప్పుకునేవాళ్లు ఉన్నారు. ఆ చెప్పుదెబ్బతో నాటకానికే దూరమైపోయినవాళ్లు ఎందరో లెక్క చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. భయపడ్డ గొంతు పైస్థాయికి పోతుంది, ఊపిరి గుండెల దగ్గరే ఆగిపోతుంది. మంచి నటనకి కావలసిన నిండు ఊపిరి భయంలో రాదు. ఇది వాచికం నేర్పే ఎవరికైనా తెలిసిన సంగతే.

ఇందులోనే ఇంకో సంగతి ఉంది. చీకటి పడ్డాక రిహార్సల్స్, వేషం ఇచ్చే అధికారం ఒకరి చేతిలో ఉండటం, బయటికి చెబితే నాటకం ఆగిపోతుందన్న భయం. ఈ మూడూ కలిసినచోట ఆడపిల్లలకి, ఒక్కోసారి మగపిల్లలకి కూడా, అన్యాయం జరిగే అవకాశం ఉంది. 2015 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలోనూ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. ఆ కమిటీలో ఎవరున్నారో, ఎలా కలవాలో మొదటిరోజు రిహార్సల్లోనే చెప్పాలి. దాని వల్ల నాటకం ఆగదు. చెప్పుకునే దారి ఉందని తెలిస్తే పిల్లలు ధైర్యంగా పనిచేస్తారు.

ఇక మా అక్క విషయంలో జరిగినది. రష్యన్ దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ పేరు చెప్పి ‘ఎమోషనల్ మెమరీ’ అంటూ మన దగ్గర అందరూ వాడే పద్ధతి అది. నటుడు తన జీవితంలో జరిగిన సంఘటనని తలుచుకుని, ఆ దుఃఖాన్ని పాత్రకి అరువివ్వడం. స్టానిస్లావ్‌స్కీ తన చివరి సంవత్సరాల్లో దీని మీద కన్నా శారీరక చర్యల మీద ఎక్కువ ఆధారపడ్డాడు. పాత్ర ఆ క్షణాన ఏం చేస్తుంది, ఎందుకు చేస్తుంది అన్నది సరిగ్గా పట్టుకుంటే భావం దానంతటదే వస్తుందన్నాడు. ఆయన అక్కడిదాకా వచ్చాడన్న సంగతి మన రిహార్సల్ గదులకి ఇంకా చేరలేదు. పచ్చిపుండుని గెలికితే వచ్చేది నొప్పి. ఆ నొప్పి ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో, ఎప్పుడు తగ్గుతుందో నటుడి చేతిలో ఉండదు. రోజూ ఒకేలా చేయగలిగితేనే నటన. తండ్రి కళ్లజోడుని పైపంచె అంచుతో తుడిచి, మడిచి, పెట్టెలో పెట్టమని చెప్పి ఉంటే చాలు. ఆ చిన్న పని ప్రేక్షకుల చేత కంటతడి పెట్టించేది, ఆమె మనసు ఆమె దగ్గరే భద్రంగా ఉండేది.

మన నాట్యశాస్త్రం సాత్విక భావాలు ఎనిమిది చెప్పింది. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రలయం. కొయ్యబారిపోవడం, చెమటలు పట్టడం, ఒళ్లు జలదరించడం, గొంతు మారడం, వణకడం, ముఖం పాలిపోవడం, కన్నీళ్లు రావడం, స్పృహ తప్పడం. మా పిల్లలకి ఇవి పరీక్ష కోసం బట్టీ పట్టిస్తాం. ఆ రాత్రి మా అక్క ఒంట్లో వీటిలో కనీసం నాలుగు నాకు కనపడ్డాయి. భయం ముదిరినప్పుడు, ఆందోళన ఉప్పెనలా ముంచుకొచ్చినప్పుడు శరీరం చూపించే గుర్తులూ చాలావరకు ఇవే. ఇంత వివరంగా శరీరాన్ని చదవడం నేర్చుకున్న మనం, పక్కనున్న మనిషి శరీరాన్ని చదవలేకపోతే ఆ చదువు దేనికి?

ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ప్రదర్శన అయిపోయిన మర్నాడు. నిన్నటి దాకా క్షణం తీరిక లేదు. రాత్రి చప్పట్లు, ఫోటోలు, కౌగిలింతలు. పొద్దున లేచేసరికి వెళ్లవలసిన చోటు లేదు. ఫోను మోగదు. గొంతు బొంగురు, ఒళ్లునొప్పులు, లోపలంతా ఖాళీ. ఇది చాలామందికి వస్తుంది, నాలుగైదు రోజుల్లో పోతుంది. వస్తుందని ముందే తెలిస్తే పిల్లలు కంగారుపడరు. అందుకే నేను ప్రదర్శనకి ముందే చెబుతాను: "ఎల్లుండి మీకు దిగులుగా ఉండొచ్చు, అది మామూలే. నాలుగో రోజు సాయంత్రం అందరం కలుద్దాం." ఆ కలిసే రోజున నాటకం తప్పొప్పుల లెక్క తీయం. మిరపకాయ బజ్జీలు తిని, మైదానంలో ఓ చుట్టు నడిచి వస్తాం.

ఇప్పుడు మళ్లీ ప్రాంప్టర్ దగ్గరికి వస్తాను. మంచి ప్రాంప్టర్‌కి నాలుగు గుణాలుంటాయి. ఆ నాలుగూ మనసు బాగాలేని స్నేహితుడి పక్కన ఉండవలసినవాళ్లకీ కావాలి.

మొదటిది: ప్రాంప్టర్ అన్ని రిహార్సల్స్‌కీ వస్తాడు. ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో, ఎవరు ఏ మాట దగ్గర తడబడతారో అతనికి తెలుసు. అలాగే మన జట్టులో ఎవరు మామూలుగా ఎలా ఉంటారో తెలిస్తేనే, ఎప్పుడు తేడాగా ఉన్నారో తెలుస్తుంది. రోజూ జోకులు వేసేవాడు వారంగా మౌనంగా ఉన్నాడా? ఒక అమ్మాయి అన్నం దగ్గర కంచం ముందు ఊరికే కూర్చుంటున్నదా? ఎప్పుడూ ముందు వచ్చేది ఇప్పుడు రోజూ ఆలస్యమా? ఒకసారి మా లైట్లు చూసే కుర్రాడు నాలుగు రోజులుగా గదికి వెళ్లకుండా కాస్ట్యూమ్ పెట్టె మీదే పడుకుంటున్నాడని నాకు అయిదో రోజు తెలిసింది. వేదిక మీద ఉన్నవాళ్లందరి బాగోగులూ అడిగిన నేను, వాళ్ల మీద వెలుతురు వేసేవాణ్ణి అడగలేదు. అప్పటి నుంచి సెట్ వేసేవాళ్లు, సంగీతం చూసేవాళ్లు, టీ తెచ్చేవాళ్లు అందరి పేర్లూ నా పుస్తకంలో మొదటి పేజీలో ఉంటాయి.

రెండోది: నటుడు కావాలని ఆగాడా, మరిచిపోయి ఆగాడా అన్నది ప్రాంప్టర్‌కి తెలియాలి. విరామాన్ని మరుపనుకుని మాట అందిస్తే రంగం చెడుతుంది. అలాగే ప్రతి మౌనమూ జబ్బు కాదు. ఒక రోజు దిగులుని దిగులుగా ఉండనివ్వాలి. కానీ ఆ దిగులు రెండు వారాలైనా వదలకపోతే, నిద్ర, తిండి, చదువు అన్నిటినీ పట్టి లాగుతుంటే, అది విరామం కాదు. అప్పుడు మాట అందించాలి.

మూడోది: ప్రాంప్టర్ రెండు ముక్కలే అందిస్తాడు, అదీ మెల్లగా, ఆ నటుడికి మాత్రమే వినపడేలా. స్నేహితుణ్ణి పదిమందిలో నిలబెట్టి "ఏమైందిరా నీకు?" అని అడిగితే, "ఏమీ కాలేదు" అనే సమాధానమే వస్తుంది. పక్కకి తీసుకెళ్లి అడగండి. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే మన భాషలో ఉన్న పలకరింపు చాలు: "తిన్నావా?" ఈ ఒక్క ప్రశ్నతో ఎన్ని తలుపులు తెరుచుకున్నాయో నేను చూశాను. "తినలేదు" అంటే "ఎందుకు తినలేదు?" అని గదమాయించకండి. "పద, నేనూ తినలేదు" అనండి. నడుస్తున్నప్పుడు మనుషులు ఎక్కువ మాట్లాడతారు. వాళ్లు చెప్పడం మొదలుపెట్టాక "ఇదేం కష్టం, నా కష్టం విను" అని అందుకోకండి. "ధైర్యంగా ఉండు, అన్నీ సర్దుకుంటాయి" అని మూత పెట్టేయకండి. వినండి. "చాలా కష్టంగా ఉండి ఉంటుంది" అన్న మాట చాలు.

నాలుగోది: ప్రాంప్టర్ ఎంత తెలిసినవాడైనా వేదిక ఎక్కి ఆ పాత్ర తాను వేయడు. స్నేహితుడి కష్టమంతా నెత్తిన వేసుకుని, రాత్రంతా మేలుకుని, ఒక్కరే మోయాలనుకుంటే ఇద్దరూ కుంగిపోతారు. మనం వైద్యులం కాము. అందించవలసినవాళ్లకి అందించడం మన పని.

ఇక పాత్ర దించుకోవడం గురించి. తెర పడ్డాక ముఖానికి కొబ్బరినూనె రాసుకుని రంగు తీసేస్తాం. పాత్రని దించుకోవడానికి మాత్రం మనకి ఏ ఏర్పాటూ లేదు. రెండేళ్ల కిందట మా దగ్గర ఒక కుర్రాడు తాగుబోతు ముసలి తండ్రి వేషం వేశాడు. చేతికర్ర పట్టుకుని, ఎడమకాలు ఈడుస్తూ నడవాలి. రిహార్సల్ అయ్యాక హాస్టల్‌కి వెళుతూ కూడా అతని ఎడమకాలు కాస్త ఈడుస్తుండటం ఒక అమ్మాయి గమనించి నాకు చెప్పింది. మాటలో కూడా ఆ ముసలివాడి విసురు వచ్చేసిందని అతని గదిలో ఉండేవాళ్లు అన్నారు. మర్నాటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. రిహార్సల్ అవగానే అతను తన చేతులతోనే ఆ కర్రని ప్రాపర్టీ పెట్టెలో పెట్టి మూత వేయాలి. వేస్తూ ఆ ముసలివాడితో ఒక మాట చెప్పాలి, ఏ మాటైనా సరే. తర్వాత కుళాయి దగ్గర ముఖం, కాళ్లు కడుక్కుని వచ్చి వలయంలో కూర్చోవాలి. మొదటిరోజు అతను పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత "రేపు కలుద్దాం తాతా, ఇవాల్టికి పడుకో" అన్నాడు. మూత వేసి, రెండు కాళ్ల మీదా సమంగా నడిచి వచ్చి కూర్చున్నాడు.

ఆ వలయంలో మేం చేసేది చాలా చిన్నపని. ఒక్కొక్కరూ తమ సొంత పేరు చెబుతారు. ఇవాళ ఒంట్లో ఎలా ఉందో ఒక మాట, ఇప్పుడు ఎక్కడికి వెళుతున్నారో ఒక మాట. "నా పేరు ఫలానా. మెడ నొప్పిగా ఉంది. హాస్టల్‌కి వెళ్లి పెరుగన్నం తిని పడుకుంటాను." అంతే. చెప్పడం ఇష్టం లేనివాళ్లు పేరు చెప్పి ఊరుకోవచ్చు. ఎనిమిది మందికి పది నిమిషాలు కూడా పట్టదు. ఎవరు ఒంటరిగా గదికి వెళుతున్నారో ఆ పది నిమిషాల్లో తెలిసిపోతుంది. దీనితో పాటు ఇంకో మూడు కట్టుబాట్లు. రాత్రి తొమ్మిదిన్నరకి రిహార్సల్ ఆగిపోవాలి. పరీక్ష ముందురోజు రిహార్సల్ లేదు. సొంత జీవితంలోని దుఃఖాన్ని తలుచుకోమని ఎవరూ ఎవరినీ అడగకూడదు. ఈ కట్టుబాట్ల వల్ల మా నాటకం బలహీనపడలేదు. పిల్లలు అలసట లేకుండా రావడంతో రెండు గంటల్లో అయ్యే పని నిజంగా రెండు గంటల్లోనే అవుతోంది.

సురభి వారి నాటక సమాజంలో ఒక సౌకర్యం ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబాల్లో తాతలు, తండ్రులు, మనవలు ఒకే తెర వెనక ఉంటారు. పిల్లవాడు తడబడితే చూసుకోవడానికి పెద్దవాళ్లు పక్కనే ఉంటారు. విద్యార్థి నాటక బృందానికి ఆ పెద్దలు లేరు. మూడేళ్లకోసారి మొత్తం జట్టు మారిపోతుంది. నేర్చుకున్నది వాళ్లతోనే వెళ్లిపోతుంది. అందుకే ఈ కట్టుబాట్లు ఒక పుస్తకంలో రాసి, వెళ్లేవాళ్లు వచ్చేవాళ్ల చేతిలో పెట్టాలి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. కొన్నిసార్లు మన మాట, మన టీ, మన వలయం సరిపోవు. స్నేహితుడు "నేను లేకపోతే అందరికీ హాయి" అన్నాడనుకోండి. తనకిష్టమైన వస్తువులు ఉన్నట్టుండి అందరికీ పంచేస్తున్నాడనుకోండి. అది నాటకీయంగా మాట్లాడటం అని కొట్టిపారేయకండి. సూటిగా, మెత్తగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన కొత్తగా పుడుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. ఎవరో అడిగినందుకు గుండె బరువు దిగినవాళ్లే ఎక్కువ. అవునంటే వాళ్లని ఒంటరిగా వదలకండి. "ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి" అంటే ఆ ఒట్టు వేయకండి. ప్రాణం కన్నా రహస్యం పెద్దది కాదు. నమ్మకమైన పెద్దవాళ్లని వెంటనే పిలవండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రాత్రి ఏ వేళైనా పిలవడానికి ఒక నంబరు ఉంది. రాసుకోండి. 14416. మళ్లీ చెబుతాను, ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. దీని పేరు టెలి మానస్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు మొదలుపెట్టిన సేవ. డబ్బు కట్టక్కర్లేదు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ నంబరు మీ గ్రీన్‌రూములో అద్దం పక్కన, ఎంట్రీల వరస రాసే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. అక్కడైతే అందరి కళ్లూ పడతాయి.

కళాశాలల యాజమాన్యాలకీ ఒక విన్నపం. 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. విశాఖపట్నంలో పోటీ పరీక్షకి చదువుకుంటున్న ఒక పదిహేడేళ్ల అమ్మాయి మరణం గురించిన కేసులో వచ్చిన తీర్పు అది. 100 మంది, అంతకన్నా ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ శిక్షణ పొందిన కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలని అందులో ఉంది. మన గడ్డ మీద పోయిన ప్రాణం అడిగిన ప్రశ్నకి వచ్చిన జవాబు అది. దాన్ని ఫైల్లో పెట్టి ఊరుకోకండి. ఆ కౌన్సెలర్‌ని నాటకం మొదలైన వారమే రిహార్సల్ గదికి రమ్మనండి. పిల్లలతో కలిసి ఒక టీ తాగమనండి. ముఖపరిచయం ఉన్న మనిషి దగ్గరికి వెళ్లడం తేలిక.

తల్లిదండ్రులకి ఒక మాట. మీ అబ్బాయో అమ్మాయో నాటకం వేస్తున్నానంటే "చదువు పాడవుతుంది" అనే ముందు, ఒకసారి ఆ నాటకం చూడటానికి రండి. వెనక వరసలో కూర్చున్నా సరే. డాక్టరు దగ్గరికి వెళతానంటే "జనం ఏమనుకుంటారు" అనకండి. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు. జ్వరానికి మందు వేసుకున్నట్టే దీనికీ వేసుకుంటారు, తగ్గుతుంది, మళ్లీ వేదిక ఎక్కుతారు.

విద్యార్థులకి చివరగా ఒక మాట. బాబూ, అమ్మా, మీరు బాగాలేరని మీకే అనిపిస్తే నాటకం అయ్యేదాకా ఆగుదామనుకోకండి. "నా వల్ల షో ఆగిపోతుంది" అని లోపలే దాచుకోకండి. షో ఇంకొక రోజు వేసుకోవచ్చు. వేషం ఇంకొకరికి ఇవ్వొచ్చు. అలా ఇచ్చినంత మాత్రాన మీరు జట్టులో లేకుండా పోరు. బాగయ్యాక మీ చోటు మీకుంటుందని మీ జట్టు మీకు ముందే మాట ఇవ్వాలి, ఆ మాట నిలబెట్టుకోవాలి. మా అక్కకి మేం ఇవ్వలేకపోయిన మాట అదే.

ఇప్పుడు మా కళాశాల నాటకాల్లో ఎడమ వింగ్‌లో రెండు స్టూళ్లు వేస్తాం. ఒకటి స్క్రిప్టు పట్టుకునేవాళ్లది. రెండో స్టూలు మీద కూర్చునేవాళ్ల చేతిలో స్క్రిప్టు ఉండదు. పక్కన మంచినీళ్ల చెంబు, ఒక గ్లాసు ఉంటాయి. వేదిక మీద నుంచి ఎవరు లోపలికి వచ్చినా ముందు వాళ్ల ముఖం చూసి, నీళ్లందించి, అవసరమైతే చెయ్యి పట్టుకోవడమే వాళ్ల పని. ఈ పనికి పిల్లలు వంతులు వేసుకుంటారు. మొదట్లో దీన్ని వేషం దొరకనివాళ్ల పని అనుకున్నారు. కిందటి ఏడాది ప్రధాన పాత్ర వేసిన అమ్మాయి ఈ ఏడాది తనంతట తాను వచ్చి, "మేడమ్, ఈసారి ఆ రెండో స్టూలు నాకివ్వండి" అని అడిగింది.

ఈ సాయంత్రం కూడా మన ఊళ్లలో ఎక్కడో ఒక రిహార్సల్ జరుగుతూ ఉంటుంది. అక్కడ ఆ రెండో స్టూలు వేసి ఉందో లేదో ఒకసారి చూడండి. లేకపోతే మీరే వేయండి.